స్వరము ఎక్కడ చెడుచున్నది? - గిటారు ఆంప్లిఫయరును గూర్చిన పాఠము



మన గ్రామ సంఘములలో హార్మోనియము, డోలకు, తాళములు బహుకాలము పాటకు తోడుగా నిలిచినవి. ఇప్పుడు వాటి ప్రక్కన గిటారు కూడ చేరినది. యౌవనస్థులు ఇష్టముతో నేర్చుకొనుచున్నారు. అది సంతోషింపదగిన సంగతి. అయితే గిటారుతో పాటు ఒక నల్లని పెట్టెయు మందిరములోనికి వచ్చినది. దానినే ఆంప్లిఫయరు అందురు. గిటారు వాయించువారు మనలో అనేకులున్నను, ఆ పెట్టె ఏమి చేయుచున్నదో ఎరిగినవారు కొద్దిమందియే.

ఎరుగకపోయినచో నష్టమేమి? మూడు నష్టములు కలవు. మొదటిది, ధనము. కోతపండుగ కానుకలలో నుండి తీసిన రూపాయలతో పెట్టెను కొందురు, శబ్దము బాగుండదు, మరియొక పెట్టెను కొందురు, అప్పటికిని బాగుండదు. రెండవది, పాట. గిటారు గట్టిగా మ్రోగును గాని పాటలోని మాట వెనుక కూర్చున్న ముసలమ్మకు వినబడదు. మూడవది, ప్రాణము. విద్యుత్తుతో పనిచేయు పెట్టె గనుక, అజాగ్రత్తగా ఉన్నచో అది మనుష్యుని చంపగలదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో వాద్యముల పోలికను చెప్పెను. స్వరములలో భేదము తెలియనప్పుడు వాయించినది ఏమిటో విన్నవానికి తెలియదనియు, బూర ధ్వని స్పష్టముగా లేనియెడల సైనికుడు లేవడనియు ఆయన భావము. బిగ్గరగా మ్రోగుట వేరు, స్పష్టముగా మ్రోగుట వేరు. ఈ మాసపు పాఠమంతయు ఆ భేదమును గూర్చినదే.

1. నాంపల్లిలో దిగి అబిడ్సుకు

మన ప్రాంతములలో గిటారు గాని పెట్టె గాని కొనవలెనన్న పలువురు హైదరాబాదు పోవుదురు. నాంపల్లి స్టేషనులో పట్టాలు అంతమగును. అక్కడ దిగి నడచినచో కొద్దిసేపటిలో అబిడ్సు వచ్చును. జనవరిలో నాంపల్లి మైదానమున జరుగు నుమాయిష్ చూడబోయి, ఆ నడకనే వాద్యముల కొట్లు చూచివచ్చువారును కలరు. అబిడ్సు దాటి కోఠి వైపు పోయినచో ట్రూపు బజారులో విద్యుత్తు సామానులు, గుజరాతీ గల్లీలో వైర్లు, జాకులు, కెపాసిటర్లు మొదలైన చిల్లర భాగములు దొరకును.

ఆ పేటకు అబిడ్సు అను పేరు ఒక దుకాణమును బట్టి వచ్చినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులోనున్న ఆల్బర్ట్ అబిద్ అను అర్మేనియను అక్కడ అంగడి పెట్టెను. శబ్దమును పెంచు విద్యకు కూడ ఆ పేటలో పాత చరిత్ర కలదు. 1933లో మహబూబ్ అలీ అను మరియొకరు అబిడ్సులోని చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల యంత్రముతో రేడియో ప్రసారము మొదలుపెట్టిరి. 1935లో నిజాము ప్రభుత్వము దానిని తీసికొని దక్కను రేడియోగా నడిపెను. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో చేరెను.

గిటారు పాఠములో రేడియో మాట ఎందుకు? ఏలయనగా రెండును ఒకే కుటుంబములోనివి. ఆకాశము నుండి వచ్చు మిక్కిలి చిన్న విద్యుత్తును స్పీకరు కదలునంతగా పెంచుటయే రేడియో పని. తీగె నుండి వచ్చు చిన్న విద్యుత్తును అట్లే పెంచుట గిటారు ఆంప్లిఫయరు పని. అమెరికాలో లియో ఫెండరు 1938లో రేడియోలు బాగుచేయు అంగడి పెట్టి, ఆ తరువాత గిటారు పెట్టెలు చేసెను. ఇంగ్లండులో జిమ్ మార్షలు 1962లో తన వాద్యముల కొట్టులోని రేడియో పనివారి సహాయముతో ఫెండరు బాస్‌మ్యాను పెట్టెను ఆధారముగా చేసికొని తన మొదటి పెట్టెను చేయించెను. కాబట్టి మీ తాలూకాలో పాత రేడియోలు బాగుచేసిన ముసలాయన ఎవరైనను ఉన్నయెడల, ఆయనకు గిటారు పెట్టె వింత వస్తువు కాదు.

2. చెరువు, తూము, నీరటి

ఆంప్లిఫయరు శబ్దమును సాగదీయునని కొందరు తలంతురు. అది సరికాదు. మన ఊరి చెరువును తలంచుకొనుడి. నీరటి తూము తలుపును చేతితో కొద్దిగా ఎత్తును. చెరువు నీరు బలముగా పారును. పారినది నీరటి బలము కాదు, చెరువు నీరే. అయితే నీరటి చేయి ఎట్లు కదలునో నీటి పారుదలయు అట్లే హెచ్చుచు తగ్గుచుండును.

ఆంప్లిఫయరులో చెరువనగా గోడ ప్లగ్గు నుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు. పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు, డయోడులు, పెద్ద కెపాసిటర్లు దానిని ఒకే దిక్కున పోవు నిలకడయైన విద్యుత్తుగా మార్చి నిలువ చేయును. తూము అనగా వాల్వు లేక ట్రాన్సిస్టరు. నీరటి చేయి అనగా గిటారు నుండి వచ్చు చిన్న సంకేతము. ఆ చేయి కదలికనుబట్టి పెద్ద ప్రవాహము కదలి, స్పీకరును కదిలించును.

ఇట్టి తూమును మొదట చేసినవాడు అమెరికావాడైన లీ డి ఫారెస్టు. 1906లో అతడు గాజు బుడ్డిలో మూడు భాగముల వాల్వును చేసెను. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. మన దేశములో బెంగుళూరునందు 1954లో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ రేడియో వాల్వులను తయారుచేసినది. పాత రేడియోలలో ఆ గుర్తుగల వాల్వులు నేటికిని కనబడును.

ఈ పోలికను జ్ఞాపకముంచుకొనుడి. చెరువులో నీరెంతయున్నదో అంతకు మించి తూము ఇయ్యలేదు. నీరటి తలుపును పూర్తిగా ఎత్తిన పిమ్మట ఇంకను ఎత్తబోయినను లాభము లేదు. గిటారు పెట్టెలలో వినబడు గరగర శబ్దమంతయు ఈ ఒక్క సంగతిలో ఇమిడియున్నది.

3. మొదటి మజిలీ: తీగె, పికప్పు, వైరు

స్వరము తీగె దగ్గర బయలుదేరి విన్నవాని చెవికి చేరులోపల అయిదు మజిలీలు దాటును: పికప్పు, మొదటి తూము, స్వరపు నాబులు, పెద్ద తూము, స్పీకరు. ఒక మజిలీలో పోయినదానిని తరువాతి మజిలీ తిరిగి తేలేదు. చల్లారిన డప్పును ఎంత గట్టిగా కొట్టినను ఖంగుమనదు. మంట దగ్గర కాచుకొనవలసినదే. ఇదియు అట్లే.

విద్యుత్ గిటారులో తీగెల క్రింద అయస్కాంతము, దానిచుట్టు వెండ్రుకవంటి రాగి తీగె వేలకొలది చుట్లు ఉండును. ఉక్కు తీగె కదలగా ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. అది ఒక వోల్టులో పదియవ వంతు ప్రాంతము. గట్టిగా మీటినచో మరికొంత హెచ్చు. మన సంఘములలో ఎక్కువగా కనబడు చెక్క గిటారులలో ఒత్తిడికి విద్యుత్తు పుట్టించు సన్నని పలక వంతెన క్రింద అమర్చబడియుండును; దానికి తోడు 9 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న పెట్టె గిటారు ప్రక్కన ఉండును.

ఇక్కడ రెండు సులువైన సంగతులు. చెక్క గిటారు స్వరము పగిలినట్లు వినబడినచో ముందుగా బ్యాటరీ మార్చి చూడుడి. అట్టి గిటారులలో సాధారణముగా జాకు గుచ్చగానే బ్యాటరీ పనిచేయ మొదలిడును. కాబట్టి ఆరాధన ముగిసిన వెంటనే జాకు తీసివేయవలెను. లేనిచో వారమంతయు బ్యాటరీ వృథాగా ఖర్చగును.

రెండవ సంగతి వైరును గూర్చి. బ్యాటరీ లేని పికప్పు బలహీనమైనది. దాని వైరు పొడవైనకొలది పై స్వరములు వైరులోనే హరించిపోవును. 5 లేక 6 మీటర్ల వైరు చాలును. మందిరపు ఈ మూల నుండి ఆ మూలకు 15 మీటర్ల వైరు వేసి, తరువాత స్వరము మొద్దుబారినదని పెట్టెను నిందించుట తగదు.

పెట్టె ద్వారమును కూడ చూడవలెను. మన మందిరములలో ఉన్నది తరచుగా అహూజా వంటి ప్రసంగపు ఆంప్లిఫయరు. దానిలో మైకు రంధ్రము మైకు కొరకే చేయబడినది. మైకు నుండి వచ్చునది ఒక వోల్టులో వెయ్యవ వంతు లెక్కన ఉండును. గిటారు సంకేతము దానికి నూరు రెట్లు ఉండవచ్చును. దానిని మైకు రంధ్రములో గుచ్చినచో మొదటి తూము పొర్లిపోవును. అంతేకాదు, బ్యాటరీ లేని పికప్పుకు సుమారు 10 లక్షల ఓముల ద్వారము కావలెను. మైకు ద్వారము కొన్ని వేల ఓములే. చిన్న ఊటబావికి పెద్ద మోటారు పెట్టినట్లు, అది పికప్పును పీల్చివేసి పై స్వరములను చంపును. కావున గిటారును ఆక్స్ లేక లైను అని వ్రాయబడిన రంధ్రములో గుచ్చుడి, లేనియెడల డి.ఐ. పెట్టె అను చిన్న సాధనమును నడుమ ఉంచుడి. అది గిటారు సంకేతమును మైకు ద్వారమునకు తగినట్లు మార్చును. క్రొత్త ఆంప్లిఫయరు కొనవలెనని బయలుదేరిన అనేక సంఘములకు వాస్తవముగా కావలసినది ఈ చిన్న పెట్టెయే.

4. రెండవ మజిలీ: గెయిన్

గిటారు ఆంప్లిఫయరు ముందు భాగమున గెయిన్, వాల్యూము అని రెండు నాబులు ఉండును. రెండును శబ్దమును పెంచునవే గదా అని అనిపించును. కాని వాటి పనులు వేరు. గెయిన్ మొదటి తూముల దగ్గర ఎంత ఎత్తవలెనో నిర్ణయించును. వాల్యూము, స్వరము రూపుదిద్దుకొనిన తరువాత ఎంత బయటికి పంపవలెనో నిర్ణయించును.

వాల్వు పెట్టెలలో మొదటి తూముగా తరచుగా ఉండునది 12 ఏఎక్స్ 7 అను వాల్వు. ఐరోపావారు దానినే ఈసీసీ 83 అందురు. ఒక్క గాజు గొట్టములో రెండు తూములు ఉండును. ఒక్కొక్కటి సంకేతమును సుమారు 50 రెట్లు పెంచగలదు. గెయిన్ మితముగా ఉన్నప్పుడు తరంగము తన రూపము చెడకుండ పెరుగును. గెయిన్ మిక్కుటమైనప్పుడు తలుపు పూర్తిగా లేచి, తరంగపు శిఖరము నరకబడును. నరకబడిన చోట క్రొత్త స్వరములు పుట్టును. 82 కంపనముల తీగెకు 164, 246, 328 మొదలైనవి అదనముగా చేరును. వాల్వు క్రమముగా నరకును గనుక మొదట వెచ్చదనముగా వినబడును. సాధారణ ట్రాన్సిస్టరు పెట్టె ఒక్కసారిగా నరకును గనుక కర్కశముగా వినబడును. వాల్వు స్వరమును కొనియాడువారు చెప్పునది చాలమట్టుకు ఈ భేదమునే.

ఆ గరగర స్వరము దానంతట అది తప్పు కాదు. ఒంటి తీగె మీద రాగము వాయించునప్పుడు అది అందముగానే ఉండవచ్చును. కాని ఆరు తీగెలు ఒకేసారి మీటినప్పుడు, నరకబడిన తరంగములు ఒకదానితో ఒకటి కలిసి, ఆ స్వరసమూహములో లేని వేరు స్వరములను కూడ పుట్టించును. అప్పుడు సంఘము ఏ శ్రుతిలో పాడవలెనో తెలియక తడబడును. కాబట్టి సంఘమంతయు కలిసి పాడు పాటకు గెయిన్ తక్కువగా ఉంచి, కావలసినంత బిగ్గరతనమును వాల్యూముతో తెచ్చుకొనుడి.

5. మూడవ మజిలీ: స్వరపు నాబులు

బాస్, మిడిల్, ట్రెబుల్ అను మూడు నాబుల వెనుక ఉన్నది కెపాసిటర్లు, రెసిస్టర్లు మాత్రమే. కెపాసిటరు ఒక జల్లెడ వంటిది. వేగముగా కంపించు పై స్వరములను అది సులువుగా పోనిచ్చును. మెల్లగా కంపించు క్రింది స్వరములను ఆపును. రెసిస్టరు అన్నిటిని సమానముగా తగ్గించును. ఈ రెంటిని కలిపి, ఏ స్వరము ముందుకు పోవలెనో, ఏది నేలకు జారిపోవలెనో నిర్ణయింతురు. గిటారు మీదనున్న టోను నాబు కూడ ఇంతే: ఒక చిన్న కెపాసిటరు ద్వారా పై స్వరములను నేలకు జార్చును.

ఇక్కడ ముఖ్యమైన సూత్రమొకటి కలదు. ఫెండరు, మార్షలు పద్ధతిలో చేయబడిన గిటారు పెట్టెలలో ఈ నాబులు దేనిని క్రొత్తగా కలుపవు. తీసివేయుట మాత్రమే చేయును. ట్రెబుల్ పెంచుట అనగా దానిని తక్కువగా తీసివేయుట అని అర్థము. అట్టి పెట్టెలో అన్ని నాబులను నడిమధ్య నిలిపినను స్వరము సమముగా ఉండదు; మధ్య స్వరములు కొంత పల్లముగా ఉండును. ప్రసంగపు ఆంప్లిఫయరులలో సాధారణముగా ఉండునది వేరు పద్ధతి. పీటరు బాక్సాండలు అను ఆంగ్లేయుడు 1952లో ప్రకటించిన ఆ పద్ధతిలో నాబు నడుమనున్నప్పుడు స్వరము మారదు, కుడికి త్రిప్పిన హెచ్చును, ఎడమకు త్రిప్పిన తగ్గును. కనుక ఒక పెట్టెమీద నేర్చిన నాబుల స్థానములు మరియొక పెట్టెకు పనికిరావు. కంటితో అంకెలు చూచి కాదు, చెవితో విని త్రిప్పవలెను.

పాటకు సంబంధించి ఏది ఎక్కడ ఉన్నదో తెలిసికొనుడి. గిటారు ఆరు తీగెలు విడిగా మీటినప్పుడు క్రమముగా 82, 110, 147, 196, 247, 330 హెర్ట్జుల స్వరములు ఇచ్చును. అనగా సెకనుకు అన్ని కంపనములు. స, శ, చ, త వంటి హల్లుల స్పష్టత ముఖ్యముగా 2,000 నుండి 4,000 హెర్ట్జుల ప్రాంతములో ఉండును. గిటారు ట్రెబుల్ మిక్కిలి పెంచి గట్టిగా గీకినచో సరిగా ఆ ప్రాంతమే నిండిపోవును. అచ్చులు వినబడును గాని హల్లులు మునిగిపోవును. వెనుక కూర్చున్నవారు మాట తెలియదని చెప్పుటకు కారణము తరచుగా ఇదే. అప్పుడు మైకును పెంచుట మందు కాదు. పాడునప్పుడు గిటారు ట్రెబులును, వాల్యూమును కొంత దించి, చరణముల నడుమ వాద్యము మాత్రమే మ్రోగునప్పుడు పెంచుడి.

6. నాలుగవ మజిలీ: వాట్లు

కొట్టులో అడుగు మొదటి ప్రశ్న తరచుగా ఇదే: ఎన్ని వాట్లు? 50 వాట్ల పెట్టె కంటె 100 వాట్లది రెండింతలు బిగ్గరగా ఉండునని అనుకొందురు. అట్లుండదు. వాట్లు రెండింతలైనను చెవికి తెలియునది 3 డెసిబెల్సు మాత్రమే, అనగా కొంచెము హెచ్చు. చెవికి రెండింతలుగా తోచవలెనన్న వాట్లు సుమారు పదింతలు కావలెను. 10 వాట్లకు రెండింతలుగా వినబడునది 100 వాట్లు.

మరి ఎక్కువ వాట్లు ఎందుకు? అది చెరువు లోతు. వాట్లు చాలినన్ని ఉన్నప్పుడు గట్టిగా మీటినను శిఖరము నరకబడదు. గోడలమధ్య జరుగు చిన్న ఆరాధనకు 20 లేక 30 వాట్ల మంచి పెట్టె సాధారణముగా చాలును. ఆరుబయట సువార్త కూటములకు సంగతి వేరు. దూరము రెండింతలైనప్పుడెల్ల శబ్దశక్తి నాలుగవ వంతుకు పడిపోవును. అట్టిచోట గిటారు పెట్టెను పెంచుట కంటె, దాని ముందు ఒక మైకు నిలిపి పెద్ద ఆంప్లిఫయరు ద్వారా పంపుట మేలు. పెట్టెమీద పి.ఎం.పి.ఓ. అని వ్రాసిన వేలకొలది వాట్లను లెక్కచేయకుడి, ఆర్.ఎం.ఎస్. అను అంకెనే అడుగుడి.

7. అయిదవ మజిలీ: స్పీకరు

నాబులన్నిటికంటె స్వరమును ఎక్కువగా మార్చునది స్పీకరు. మందిరపు కప్పుమీది గరాటు హారను సాధారణముగా 300 హెర్ట్జుల ప్రాంతము నుండి పైకి మాత్రమే బాగుగా పలుకును. గిటారు ఆరు తీగెలలో అయిదింటి మూలస్వరము 300కు క్రిందనే యున్నదని పైన చూచితిమి. కాబట్టి హారనులో గిటారు రేకు డబ్బావలె వినబడుట గిటారు దోషము కాదు, వాయించువాని దోషము కాదు, బాస్ నాబు దోషమును కాదు. హారను ప్రసంగమునకు చేయబడినది. దాని ముందు బాస్ ఎంత పెంచినను స్వరము రాదు. హారను లోపలి పొర చెడిపోవచ్చును.

గిటారు పెట్టెలోని 12 అంగుళముల స్పీకరు దీనికి భిన్నమైనది. అది క్రింది స్వరములను చక్కగా ఇచ్చును. సుమారు 5,000 హెర్ట్జులకు పైన తగ్గిపోవును. ఆ తగ్గుదలయే గరగరలోని ముళ్లను కోసివేయును. అందుచేతనే గరగర పెడలును సూటిగా హారనుకు గాని ప్రసంగపు స్పీకరుకు గాని కలిపినచో తేనెటీగల రొదవలె వినబడును.

స్పీకరు కలుపునప్పుడు మూడు హెచ్చరికలు. పెట్టె వెనుక వ్రాసిన ఓముల సంఖ్యకు స్పీకరు సరిపోవలెను. 8 ఓములవి రెండు ప్రక్కప్రక్కన కలిపినచో 4 ఓములగును, అది అన్ని పెట్టెలు భరింపవు. వాల్వు పెట్టెను స్పీకరు లేకుండ ఎన్నడును నడపకూడదు. దాని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. ప్రసంగపు ఆంప్లిఫయరు వెనుకనున్న 100 వోల్టుల లైనుకు గిటారు స్పీకరును కలుపకూడదు.

8. గుయ్యిమను హమ్ము

హమ్ము వచ్చినప్పుడు పెట్టెను అమ్మివేయకుడి. ఏ మజిలీలో పుట్టుచున్నదో వెదకుడి. వాల్యూమును పూర్తిగా దించుడి. హమ్ము పోయినచో అది ముందునుండి, అనగా గిటారు, వైరు, జాకు వైపునుండి వచ్చుచున్నది. పోకపోయినచో అది వెనుకనున్న పెద్ద తూము లేక చెరువు దగ్గర పుట్టుచున్నది.

మరియొక పరీక్ష కలదు. శ్రుతి చేసిన గిటారు ఆరవ తీగెను మూడవ మెట్టు మీద నొక్కి మీటుడి. అది 98 హెర్ట్జులు. హమ్ము ఇంచుమించు ఆ స్వరములోనే ఉన్నచో అది 100 హెర్ట్జుల హమ్ము; పెట్టెలోని పాత పెద్ద కెపాసిటర్లు ఎండిపోయినవని సాధారణముగా గ్రహింపవచ్చును. దానికి ఒక స్థాయి క్రింద ఉన్నచో అది 50 హెర్ట్జుల కరెంటు హమ్ము. వైరు పైకప్పు తెగుట, ఎర్తు సరిగా లేకుండుట, గిటారు ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరగా ఉండుట చూడుడి. నాబు త్రిప్పగా కరకరలాడినచో అది దుమ్ము. వైరు కదల్చగా టపటపలాడినచో జాకు అతుకు ఊడినది. ఇవి కొద్దిపాటి ఖర్చుతో బాగగునవి.

9. ప్రాణమును గూర్చి

ఈ భాగమును యౌవనస్థుల కూటములో గట్టిగా చదివించుడి.

గిటారు తీగెలు వైరు ద్వారా పెట్టె లోహపు చట్రముతో కలిసియుండును. మైకు తల దాని ఆంప్లిఫయరు చట్రముతో కలిసియుండును. ఈ రెంటిలో ఒకదానికి ఎర్తు లేక, చట్రమునకు కరెంటు తగిలినచో, తీగెలమీద చేయి ఉంచి మైకుకు పెదవి ఆనించిన వాయిద్యకాని దేహము గుండ విద్యుత్తు పోవును. 1972లో వేల్సులోని స్వాన్సీ పట్టణమున లెస్లీ హార్వీ అను గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి, వేదికమీదనే ప్రాణము విడిచెను. అతడు అనుభవజ్ఞుడే, పెద్ద పట్టణములోనే వాయించుచుండెను.

కాబట్టి హమ్ము పోవుటకు మూడు కాళ్ల ప్లగ్గులోని ఎర్తు కాలును ఎన్నడును తీసివేయకుడి. హమ్ము ఉన్నను బ్రదుకవచ్చును. గిటారు పెట్టెను, ప్రసంగపు ఆంప్లిఫయరును ఒకే బోర్డునుండి, ఒకే ఎర్తుతో నడపుడి. జనరేటరుతో కూటములు జరిపినప్పుడు దానికిని ఎర్తు వేయించుడి. మందిరపు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపోవు ఆర్.సి.సి.బి. స్విచ్చి పెట్టించుట సంఘము చేయదగిన మంచి ఖర్చు. కూటమునకు ముందు ఒకరు టెస్టరుతో మైకు తలను, గిటారు తీగెలను తాకించి చూడుడి. టెస్టరు వెలుగనంత మాత్రమున ఎర్తు బాగున్నదని తలంచక, ఏటేట ఎలక్ట్రీషియనుచే ఎర్తును పరీక్ష చేయించుడి. వాల్వు పెట్టె లోపల 300 నుండి 450 వోల్టులు ఉండును. స్విచ్చి ఆపిన తరువాతను కెపాసిటర్లలో అది నిలిచియుండును. తెలియనివారు మూత తీయకూడదు.

10. కొట్టులో ఏమి చేయవలెను?

అబిడ్సు పోవుటకు ముందు, మీ గిటారు ఏ విధమైనదో, మందిరములో ఇప్పుడున్న ఆంప్లిఫయరు వెనుక ఏమి వ్రాసియున్నదో, దోషము ఏ మజిలీలో ఉన్నదో ఒక కాగితముమీద వ్రాసికొనుడి. మీ గిటారునే వెంట తీసికొనిపోవుడి. కొట్టులోని ఖరీదైన గిటారుతో విన్న స్వరము మీ ఊరికి రాదు. గెయిన్ తగ్గించి, ఆరు తీగెలు నిండుగా మీటి వినుడి. వాయించువాడొకడు పెట్టె దగ్గర ఉండగా, వేరొకరు కొట్టు వాకిట నిలిచి వినవలెను. సంఘము వినునది దూరమునుండియే గదా. ఒకరు మెల్లగా పాట పాడి, మాట తెలియుచున్నదో లేదో చూడుడి. చివరకు, వైరు జాకు మాత్రమే మార్చవలసియున్నదని తెలిసినచో సంతోషముతో గుజరాతీ గల్లీకి పోయి జాకు కొని తిరిగి రండి. మిగిలిన రూపాయలు సంఘపు పెట్టెలో ఉండును.

మంచి స్వరము నాబు చివరన ఉండదు. తీగె నుండి చెవివరకు ప్రతి మజిలీ తన పనిని తాను సరిగా చేసినప్పుడు అది దానంతట అదే వచ్చును. గిటారు ఉన్నదని ఎవరును ప్రత్యేకముగా తలంపకయే సంఘము శ్రుతిలో పాడి, వెనుక వరుసలోని ముసలమ్మకు చివరి మాటవరకు తెలిసినచో, ఆ దినమున ఆంప్లిఫయరు సరిగా ఉన్నదని ఎరుగుడి.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. గెయిన్‌కును వాల్యూముకును భేదమేమి? చెరువు పోలికతో చెప్పుడి.
2. మన మందిరపు హారనులో గిటారు సన్నగా వినబడుటకు కారణమేమి?
3. 50 వాట్ల పెట్టెకు బదులు 100 వాట్లది కొన్నచో చెవికి ఎంత భేదము తెలియును?
4. మన మందిరములో గిటారు పెట్టెయు మైకు ఆంప్లిఫయరును ఒకే ఎర్తుమీద ఉన్నవా? ఈ ఆదివారమునకు ముందు ఎవరు చూచెదరు?